కొవ్వాడ నీళ్ల లెక్కను పైపు దగ్గరే ఆపకండి

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నిపుణుల మదింపు కమిటీ సభ్యులకు, న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ కొవ్వాడ ప్రాజెక్టు అధికారులకు

నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ తీరాన 1,208 మెగావాట్ల చొప్పున వెస్టింగ్‌హౌస్ డిజైను ఏపీ-1000 రకం రియాక్టర్లు ఆరు కట్టాలన్నది ప్రతిపాదన. అణు విద్యుత్తు కావాలా వద్దా అన్న చర్చ వేరే చోట జరుగుతోంది, జరగాలి కూడా. ఈ లేఖ నీటి గురించి, నీటిలో బతికే వాటి గురించి. ఈ అణు విద్యుత్ కేంద్రం వదిలే నీటి ప్రభావాన్ని పైపు చివర కొలిచి సరిపెట్టవద్దని మా విన్నపం. ఉత్తరాన నాగావళి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకా, దక్షిణాన చంపావతి మొగ దాకా, నడుమ కందివలస గెడ్డలాంటి చిన్న ఏర్ల దాకా ఆ లెక్క వెళ్లాలి. ఆ కొలతలు చేతికొచ్చాకే నీళ్లు తోడే చోటు, వదిలే చోటు ఖాయం చేయాలి. సముద్రం అడుగున ఒకసారి వేసిన సొరంగాన్ని తర్వాత ఎవరూ జరపలేరు.

ముందు వేడి సంగతి. ఏపీ-1000 కోర్‌లో, అంటే ఇంధనం ఉండే నడిమి భాగంలో, పుట్టే వేడి 3,400 మెగావాట్లు. అందులో కరెంటయ్యేది 1,200. మిగిలిన 2,200 మెగావాట్లు ఆవిరిని చల్లార్చే కండెన్సర్ గొట్టాల గుండా బయటి నీటిలోకి పోవాల్సిందే. సముద్రపు నీటిని ఒక్కసారి తోడి, 7 డిగ్రీలు వేడెక్కించి తిరిగి వదిలే పద్ధతి ఎంచుకుంటే ఒక్కో రియాక్టరుకు సెకనుకు 77 ఘనపు మీటర్ల నీరు కావాలి. ఆరింటికీ కలిపి 460 ఘనపు మీటర్లు, అంటే 16,200 క్యూసెక్కులు. రోజుకు దాదాపు 1.4 టీఎంసీలు. తోటపల్లి జలాశయం నిల్వ సుమారు 2.5 టీఎంసీలని తెలిసినవాళ్లకు ఇది ఎంత నీరో వేరే చెప్పక్కర్లేదు. ఆరు రియాక్టర్లూ నడిచినంత కాలం ఏటా 365 రోజులూ ఈ తోడకం సాగుతుంది.

ఈ వేడినీరు నాగావళి మొగ దాకా వస్తుందని మేము అనడం లేదు. అంత దూరం రాదు. సముద్రంలో కలిసే కొద్దీ వేడి పలచబడుతుంది, గాలికి ఆరుతుంది. దెబ్బ తగిలేది అవుట్‌ఫాల్ (నీళ్లు వదిలే చోటు) చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల మేర, అక్కడ కలిసే గెడ్డల మొగల్లో. కానీ ఆ కొన్ని కిలోమీటర్లలోనే ఏం జరుగుతుందన్నది ముఖ్యం, ఎందుకంటే మన నీళ్లు ఇప్పటికే వెచ్చన. మే నెలలో ఒడ్డు దగ్గర నీరే 30 డిగ్రీలు దాటుతుంది. దానిపై 7 కలిపితే 37. చల్లటి దేశాల్లో 18 డిగ్రీల నీటికి 7 కలిపితే 25 అవుతుంది, అక్కడి చేప తట్టుకుంటుంది. ఉష్ణమండలపు చేపలూ రొయ్యలూ తాము భరించగల పైహద్దుకు బాగా దగ్గరగా బతుకుతాయి. వాటికి ఇక మిగిలిన జాగా రెండు మూడు డిగ్రీలే కావచ్చు.

వేడెక్కిన నీటిలో ప్రాణవాయువూ తగ్గుతుంది. మంచినీటిలో 28 డిగ్రీల దగ్గర లీటరుకు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 35 దగ్గర 7 మిల్లీగ్రాములకు దిగుతుంది. ఉప్పునీటిలో రెండు అంకెలూ ఇంకా తక్కువ. ఇది పెద్ద తగ్గుదలలా కనిపించదు. అయితే అదే 7 డిగ్రీలకు చల్లని రక్తపు జీవి శరీరం ఆక్సిజన్‌ను ఒకటిన్నర రెట్లకు పైగా వాడుకుంటుంది. నీటిలో ఉన్నది తగ్గి, ఒంటికి కావలసింది పెరుగుతుంది. తెల్లవారుజామున, పాచి రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకున్న వేళ, లోతు తక్కువ గెడ్డ మొగలో ఈ రెండూ కలిసి మీదపడతాయి. అందువల్ల పగటిపూట తీసిన ఆక్సిజన్ కొలతకు విలువ తక్కువ. సూర్యోదయానికి ముందు తీసినదే అసలు సంగతి చెబుతుంది.

అందుకే మా మొదటి కోరిక: ‘చుట్టుపక్కల నీటికన్నా 7 డిగ్రీలకు మించరాదు’ అన్న ఒక్క షరతుతో ఆగకండి. దానికి తోడు ఇన్ని డిగ్రీలు దాటకూడదన్న ఖచ్చితమైన పైహద్దు పెట్టండి. ఫ్రాన్స్‌లో గరోన్ నది మీది గొల్ఫెష్ కేంద్రానికి దిగువ నీరు 28 డిగ్రీలు దాటకూడదన్న నియమం ఉంది. వడగాడ్పుల ఏళ్లలో ఆ దేశపు నదీతీర రియాక్టర్లు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. అమెరికాలో టెనసీ నది మీది బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రానికి హద్దు 90 ఫారన్‌హీట్, మన లెక్కలో 32.2 డిగ్రీలు. 2010 వేసవిలో నది ఆ గీత దగ్గరికి రావడంతో అక్కడ వారాల తరబడి ఉత్పత్తి కోసుకోవాల్సి వచ్చింది. మన తీరానికి ఎంత ఉండాలన్నది ఇక్కడి జీవుల మీద పరీక్ష చేసి తేల్చాలి: టైగర్ రొయ్య పిల్ల, బొంత చేప పిల్ల, పండుగప్ప పిల్ల, మండపీత. ఈ నాలుగూ మొగల్లో పెరిగేవే.

‘చుట్టుపక్కల నీరు’ అంటే ఎక్కడి నీరన్నదీ షరతులోనే రాయాలి. చాలా చోట్ల ఇన్‌టేక్ (నీళ్లు తోడే చోటు) దగ్గరి థర్మామీటర్ చూసి అదే సహజ ఉష్ణోగ్రత అనుకుంటారు. గాలి, ప్రవాహం తిరిగినప్పుడు వదిలిన వేడినీరే మళ్లీ ఇన్‌టేక్‌లోకి వస్తుంది. అప్పుడు ‘సహజం’ అనుకున్నదే రెండు డిగ్రీలు పెరిగి కూర్చుంటుంది, దానిపై 7 కలుపుకోవచ్చని కాగితం చెబుతుంది. కాబట్టి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, వేడినీటి జాడ ఎన్నడూ చేరనంత దూరంలో తేలే బాయ్‌లు వేసి, మూడు లోతుల్లో గంటగంటకూ కొలవాలి. రెండు వైపులా ఎందుకంటే, మన తీరం వెంబడి నీటి పోకడ ఏడాదికి రెండుసార్లు తిరుగుతుంది. దాదాపు ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఈశాన్యంగా, నాగావళి మొగ దగ్గరి కళ్లేపల్లి వైపు. అక్టోబరు నుంచి జనవరి దాకా నైరుతిగా, పూసపాటిరేగ, చంపావతి మొగ దగ్గరి కోనాడ వైపు. ఏ ఒక్క కాలంలో చేసిన అధ్యయనమైనా ఒక జిల్లానే చూసినట్టు.

మోడల్ వేసే ఇంజినీర్లకు ఇంకొక మాట. వేడినీరు తేలిక కనుక పైన తేలుతుంది, అడుగున ఉండే జీవులకు ఏమీ కాదు అన్నది వేసవికి చాలావరకు నిజం. వరదల కాలంలో కాదు. నాగావళి, వంశధార, చంపావతి వరద నీరు తీరం మీద పొరలా పరుచుకున్నప్పుడు ఆ పొర ఉప్పునీటికన్నా చాలా తేలిక. లోతు నుంచి తోడిన ఉప్పునీరు 7 డిగ్రీలు వేడెక్కినా ఘనపు మీటరుకు రెండు కిలోలకు కాస్త మించి తేలికపడుతుంది, అంతే. వరద నీటితో తేడా అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి వేడి ఉప్పునీరు తీపినీటి పొర కిందికి దూరుతుంది. అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో వేడి అడుగు బురదను తాకే అవకాశం ఉంది, అక్కడే రొయ్యలూ పీతలూ ఉంటాయి. వేసవి ఒక్కటే తీసుకుని నడిపిన మోడల్ దీన్ని పట్టుకోలేదు.

ఇప్పుడు మా దృష్టిలో వేడికన్నా పెద్దదైన విషయం: నీళ్లు తోడడం. దీని గురించి బహిరంగ విచారణల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఎందుకంటే చచ్చేవి కంటికి కనిపించవు. టైగర్ రొయ్య, తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడతాయి. గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది. రెండు మూడు వారాలు పిల్ల ఈదలేదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. సెంటీమీటరు పొడవయ్యాక రాత్రి పోటు పట్టుకుని మొగ దాటి నదిలోకి, ఉప్పుటేరులోకి చేరి అక్కడ పెరుగుతుంది. బొంతలు, పండుగప్పలూ అంతే. నాగావళి మొగకు చేరాల్సిన పిల్లల్లో కొంత భాగం తీరం వెంబడి కొవ్వాడ ముందు నుంచే తేలిపోతుంది. అక్కడ రోజుకు 1.4 టీఎంసీలు తోడే పంపులుంటాయి. వేడినీరు కళ్లేపల్లి చేరకపోయినా, కళ్లేపల్లి చేరాల్సిన పిల్ల కొవ్వాడ దగ్గరే ఆగిపోవచ్చు.

ఇన్‌టేక్ జాలీ కన్ను సాధారణంగా ఒక సెంటీమీటరు. అంతకన్నా పెద్ద చేప జాలీకి అతుక్కుని ఊపిరాడక పోతుంది. చిన్నది జాలీ దాటి పంపులో పడి, కండెన్సర్‌లో ఒక్కసారిగా వేడెక్కి, క్లోరిన్ తాగి బయటికొస్తుంది. దీన్ని తగ్గించే మార్గాలు తెలిసినవే. జాలీ ముందు నీటి వేగం సెకనుకు 15 సెంటీమీటర్లు దాటకపోతే చాలా చేపలు ఎదురీది తప్పించుకోగలవు. అమెరికాలో 2014 నిబంధన ఒప్పుకునే మార్గాల్లో ఇదొకటి. 77 ఘనపు మీటర్లను ఆ వేగంతో తీసుకోవాలంటే ఒక్కో రియాక్టరుకు 510 చదరపు మీటర్లకు పైగా తెరిచిన వైశాల్యం కావాలి. ఇనుప తీగలు ఆక్రమించే చోటు దీనికి అదనం. జెల్లీ చేపలు గానీ నాచు గానీ వచ్చి జాలీని సగం కప్పేస్తే వేగం రెట్టింపవుతుంది, హద్దు పోతుంది. ఇది ఊహ కాదు: జెల్లీ చేపల మూలంగా 2011లో స్కాట్లండ్‌లోని టోర్నెస్, 2013లో స్వీడన్‌లోని ఆస్కర్స్‌హామ్న్ రియాక్టర్లు ఆగాయి. కాబట్టి వైశాల్యం సగం మూసుకున్నా వేగం హద్దులోనే ఉండేట్టు రెండింతలు కట్టాలి. నీళ్లు పైనుంచి నిలువుగా లాగకుండా పక్కల నుంచి వచ్చేట్టు ఇన్‌టేక్ నోటికి మూత ఉండాలి. నిలువు లాగుడును చేప పసిగట్టలేదు. జాలీకి చిక్కినవి బతికి తిరిగి వెళ్లే కాలువ ఉండాలి, దాని చివర వేడినీటిలో తేలకూడదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వమే చెప్పి ఎచ్చెర్ల నుంచి భోగాపురం దాకా మత్స్యకారుల చేత పడవలు కట్టేయిస్తుంది. అదే 61 రోజుల్లో పంపులు పూర్తి బలంతో తోడడం ఏ న్యాయం? దీనికి ఆచరణలో పెట్టగల ఉపాయం ఉంది. ఏపీ-1000కు ఇంధనం మార్చేది సుమారు 18 నెలలకోసారి. ఆరు రియాక్టర్లుంటే సగటున ఏడాదికి నాలుగు ఆపివేతలు వస్తాయి. వాటిలో కనీసం రెండింటిని ఈ నిషేధ కాలంలోకి జరపమని అడుగుతున్నాం. వేసవిలో కరెంటు గిరాకీ ఎక్కువన్న అభ్యంతరం మాకు తెలుసు, అది చిన్నదేమీ కాదు. కానీ బతుకుతెరువును రెండు నెలలు ఆపుకుంటున్న వాళ్ల ముందు ఆ అభ్యంతరాన్ని అంకెలతో సహా పెట్టి మాట్లాడాలి.

క్లోరిన్ గురించి. సముద్రపు నీరు వాడే ప్రతి కేంద్రంలోనూ గొట్టాలకు గుల్లలు, పచ్చ ఆలిచిప్పలు పడతాయి. తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రపు సొరంగంలో ఇది పెద్ద సమస్య అయింది. వాటిని చంపడానికి క్లోరిన్ వదులుతారు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది కనుక ఆ క్లోరిన్ వెంటనే బ్రోమిన్ రూపంలోకి మారుతుంది, కొంత బ్రోమోఫామ్ అనే సమ్మేళనం అవుతుంది. మన నిబంధన కండెన్సర్ నీటిలో స్వేచ్ఛా క్లోరిన్‌కు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. ఉప్పునీటి జీవులకు అమెరికా పర్యావరణ సంస్థ సూచించిన స్వల్పకాలిక హద్దు 0.013 మిల్లీగ్రాములు. మొదటిది పైపు చివరి హద్దు, రెండోది జీవి ఉండే నీటి హద్దు, కాబట్టి నేరుగా పోల్చకూడదు. అయినా పైపు చివరి నీరు దాదాపు 40 రెట్లు పలచబడితే తప్ప రెండోది నెరవేరదు. ఆ పలచబడడం ఎన్ని మీటర్లలో జరుగుతుందో నీటిని చిమ్మి కలిపే డిఫ్యూజర్ డిజైనుతో పాటు చూపించాలి. స్వేచ్ఛా క్లోరిన్ ఒక్కటే కాదు, మొత్తం మిగులు ఆక్సిడెంట్లను (క్లోరిన్, బ్రోమిన్ రూపాలన్నీ కలిపి) కొలవాలి, క్లోరిన్ మోతాదు పెంచే గంటల్లో కొలవాలి.

రేడియోధార్మికత దగ్గర పరిమాణం మరచిపోకుండా మాట్లాడదాం. 1944 నుంచి 1971 దాకా అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో ఎనిమిది రియాక్టర్లు కొలంబియా నది నీటిని కోర్‌ల గుండా నేరుగా పోనిచ్చి నదిలోకి వదిలాయి. అలా పోయిన రేడియోధార్మిక జింక్-65 నది దాటి, తీరం వెంబడి సాగి విల్లపా అఖాతపు ఆయిస్టర్లలో తేలింది. అవి ఆయుధాల రియాక్టర్లు, కొవ్వాడలో పెట్టేవి అలాంటివి కావు. ఇక్కడ కోర్‌ను తాకే నీరు వేరు, సముద్రపు నీరు వేరు. బయటికొచ్చేది శుద్ధి చేసి, ట్యాంకులో నిలిపి, పరీక్షించి వదిలే కొద్దిపాటి ద్రవం. మేము హాన్‌ఫర్డ్ పేరెత్తింది దారి చూపడానికి: నదిలో వదిలింది మొగ దాటి ఎంత దూరం పోగలదో, గుల్లజీవి దాన్ని ఎలా పోగు చేసుకోగలదో తెలియడానికి.

ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, నీటిలో నీరుగానే ఉంటుంది, ఏ ఫిల్టరూ ఆపదు. సగం తగ్గడానికి 12.3 ఏళ్లు పడుతుంది. ఒక్కో రియాక్టరు ఏడాదికి 30 టెరాబెకరెల్ (బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు క్షీణించడం, టెరా అంటే లక్ష కోట్లు) వదులుతుందనుకుని లెక్క వేద్దాం. సెకనుకు 77 ఘనపు మీటర్లలో కలిస్తే లీటరుకు 12 బెకరెల్. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిక 10,000. దాని ముందు ఇది చాలా తక్కువ. ఇప్పుడు వేడి తగ్గించడానికి, నీటిని గాలికి చల్లార్చి మళ్లీ వాడుకునే కూలింగ్ టవర్లు కట్టమని మేమే అడిగామనుకోండి. సముద్రపు నీటితో నడిచే టవరు నుంచి తిరిగి వచ్చే నీరు సెకనుకు ఒకటిన్నర ఘనపు మీటర్లకు అటూ ఇటూ. అదే ట్రిటియం అందులో కలిస్తే లీటరుకు 600 బెకరెల్. పైగా ఆ నీటి ఉప్పదనం లీటరుకు 35 గ్రాముల నుంచి 50కి పైన. అది బరువుగా అడుగుకు దిగుతుంది. అంటే టవర్లు వేడినీ, రొయ్య పిల్లల చావునూ బాగా తగ్గిస్తాయి, గాఢతను పెంచుతాయి. ఈ ఇచ్చిపుచ్చుకోలును నివేదికలో పక్కపక్కనే పట్టిక వేసి చూపాలి. మా అభిప్రాయం టవర్ల వైపే, అవుట్‌ఫాల్ మొగలకు, గెడ్డలకు దూరంగా, లోతులో ఉంటేనే.

ఇంకో చిక్కు: ఈ ద్రవం నిరంతరం కారదు. ట్యాంకు నిండాక ఒక విడతగా వదులుతారు. ఏడాది సగటు 12 అయినా ఆ కొన్ని గంటల్లో అంకె ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి విడత విడతకూ తేదీ, గంట, పరిమాణం, ఏ ఐసోటోపు ఎంత అన్నది ప్రకటించాలి. పోటు ఎక్కేటప్పుడు వదలకూడదు, పాటు (నీరు వెనక్కి) తీసేటప్పుడే వదలాలి, లేకపోతే అది దగ్గరి గెడ్డ మొగలోకి ఎక్కుతుంది.

అదే ద్రవంలో ఉండే రేడియోధార్మిక సీజియం-137, కోబాల్ట్-60లు ట్రిటియంలా కావు. అవి బంకమట్టి రేణువులకు అంటుకుంటాయి. ఆ సన్నటి ఒండ్రు చివరికి ఆగేది నీరు నెమ్మదించే చోట, అంటే మొగల్లో, ఉప్పుటేళ్లలో. సీజియం పొటాషియంలా ప్రవర్తిస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల దాకా పొటాషియం దానికి పోటీగా ఉంటుంది కనుక సముద్రపు చేప ఒంట్లో సీజియం చేరేది నీటికన్నా వంద రెట్లే. పొటాషియం కొన్ని మిల్లీగ్రాములే ఉండే నదీజలంలో అది వేల రెట్లకు పోతుంది. మొగలో నీరు ఆర్నెల్లు ఉప్పన, ఆర్నెల్లు తీపి. సముద్రపు చేపల లెక్కను మొగ చేపకు వాడితే వరదకాలపు అంకె తక్కువగా వస్తుంది. కోబాల్ట్ అయితే చేపలకన్నా ఆలుచిప్పల్లో ఎక్కువ పోగవుతుంది. అందుచేత ఆలుచిప్పల్ని బుట్టల్లో కట్టి మొగల్లో వేలాడదీసి, మూడు నెలలకోసారి తీసి చూడడం చవకైన, నమ్మదగిన పద్ధతి.

ఇక ముందస్తు కొలతలు. మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. కేంద్రం కట్టకముందే ఇక్కడ కొన్నిచోట్ల సహజ రేడియేషన్ ఎక్కువ. మామూలు డోసు మీటరు పట్టుకుని తిరిగితే, రేపు పెరిగినది కేంద్రం వల్లా ఇసుక మేట కదలడం వల్లా అన్నది ఎవరూ తేల్చలేరు. గ్రామస్థుడి అనుమానమూ రుజువు కాదు, అధికారి భరోసా కూడా రుజువు కాదు. గామా స్పెక్ట్రోమీటర్‌తో థోరియం క్షీణించగా పుట్టే సంతతినీ సీజియంనూ విడదీసి కొలవాలి. ఒండ్రులో 63 మైక్రాన్లకన్నా సన్నటి భాగాన్ని వేరుచేసి కొలవాలి. సముద్రపు నీటిలో సీజియం మిల్లీబెకరెల్ స్థాయిలో ఉంటుంది కనుక ఒక లీటరు సీసా చాలదు, 50 నుంచి 100 లీటర్లు తీసుకుని రసాయనంతో ఒడిసిపట్టాలి. ‘గుర్తింపు హద్దుకు దిగువ’ అని రాసిన ప్రతి చోటా ఆ హద్దు ఎంతో కూడా రాయాలి. రొయ్య, చేప పిల్లల లెక్కకు నెలనెలా, అమావాస్య పౌర్ణమి పోట్లకు, రాత్రి వేళ వల వేయాలి. పగలు తీసిన నమూనాలో పిల్లలు దొరకవు, దొరకలేదు కనుక లేవని రాసేస్తారు. ఇదంతా కనీసం మూడేళ్లు, మొదటి పునాదికి ముందే.

నదిలోంచి తీసుకునే మంచినీటి మాట. రియాక్టరు లోపలి అవసరాలకు, కాలనీకి, నిర్మాణానికి ఉప్పునీరు పనికిరాదు. ఆ నీరు నాగావళి నుంచా, మడ్డువలస జలాశయం నుంచా, ఏ నెలలో ఎన్ని క్యూసెక్కులన్నది పర్యావరణ నివేదికలోనే ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నాగావళి సన్నటి పాయగా మారుతుంది, ప్రవాహం చాలక మొగను ఇసుక మేట మూస్తుంది. మూసుకున్న మొగలోకి ఏ పిల్లా రాదు. ఆ రెండు నెలలు నదిని ముట్టకూడదు. ఉప్పు తీసే యంత్రం పెట్టుకుంటే దాని ఉప్పునీటిని కూడా పై లెక్కలో కలపాలి.

మన పర్యావరణ పరిరక్షణ నిబంధనలు థర్మల్ కేంద్రాల శీతలీకరణ నీటిని మొగల్లోకి గానీ, మడ అడవుల దగ్గర గానీ, జలచరాలు గుడ్లు పెట్టి పెరిగే చోట్ల దగ్గర గానీ వదలకూడదని ఇప్పటికే చెబుతున్నాయి. బొగ్గు కేంద్రం వేడికీ అణు కేంద్రం వేడికీ చేప దృష్టిలో తేడా లేదు. ఆ వాక్యాన్ని కొవ్వాడ అనుమతి పత్రంలో షరతుగా యథాతథంగా రాయండి. గుడ్లు పెట్టే చోట్లేవో మూడేళ్ల సర్వేతో పటం గీయించి దానికి జతచేయండి.

బహిరంగ విచారణకు 30 రోజుల ముందు ఇచ్చే తెలుగు సారాంశంలో పై అంకెలన్నీ ఉండాలి: క్యూసెక్కులు, డిగ్రీలు, క్లోరిన్ మిల్లీగ్రాములు, బెకరెల్‌లు, నెలలవారీగా. అనుమతి తర్వాత అదే సమాచారాన్ని రణస్థలం, ఎచ్చెర్ల, గార, పూసపాటిరేగ, భోగాపురం మండల కార్యాలయాల్లో ప్రతి నెలా పదో తేదీలోపు గోడకు అంటించాలి. నమూనాలు తీసే రోజున ఆ ఊరి మత్స్యకార సంఘం నుంచి ఇద్దరు పడవలో ఉండాలి, ప్రతి నమూనాలో సగం వేరే విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు వెళ్లాలి. ఈ అంశాల మీద మీ సాంకేతిక సిబ్బందితో కూర్చుని లెక్కలు సరిచూసుకోవడానికి మేము ఎప్పుడైనా సిద్ధం.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందిన జలజీవశాస్త్ర, మత్స్యశాస్త్ర, రేడియేషన్ కొలతల రంగాల వాళ్లం